గొడుగు పీత

సాయిదుర్గ కోపంగా ఉన్న రోజున క్రీము త్వరగా గట్టిపడుతుందని ఆమె భర్త లోకనాథ్ నలుగురిలో అంటూ ఉంటాడు. అది నవ్వులాటకు అనే మాటే. క్రీము గట్టిపడేది చలువ వల్ల గాని చేతి విసురు వల్ల కాదని అతనికీ తెలుసు. నరసాపురంలో సముద్రపు గాలి, గోదావరి తేమ ఒకచోట కలుస్తాయి; ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెకు చూస్తుండగానే చెమటలు పడతాయి. అందుకని సాయిదుర్గ స్టీలు గిన్నెను ఐసు ముక్కల మధ్య కూరి, అప్పుడు బీటరు అందుకుంటుంది. ఐసు లోకనాథ్ తెస్తాడు. ఫ్యాక్టరీలో దిమ్మలు ఎత్తుకుని చేపల రేవుకీ, చుట్టుపక్కల రొయ్యల చెరువులకీ ట్రాలీ ఆటోలో చేరవేయడం అతని పని.

కేకు కోసం కొత్తగా వచ్చినవాళ్ళలో ఆ ఐసును గురించి అడగనివాళ్ళు తక్కువ.

“ఇది చేపలకేసే ఐసేనాండీ?”

“చేపలకీ వేస్తారండి. పెళ్ళిళ్ళలో మీరు తాగే కూల్‌డ్రింకులకీ ఇదే వేస్తారు. ఐసుని నీళ్ళతోనే చేస్తారండి, చేపలతో కాదు.”

మాటలో ‘అండి’ తప్పదు. ముఖంలో నవ్వు ఉండదు. ఆమె కోపం ఎప్పుడూ మర్యాద దాటి బయటికి రాదు. అందుకే అవతలివాళ్ళకు తిరిగి అనడానికి ఏమీ దొరకదు.

ఆ కోపం ఎప్పటిదో ఆమె తల్లి మరిడమ్మ చెబుతుంది. మరిడమ్మ భర్త చేపల వేటకు వెళ్ళేవాడు. వల పనీ, ఇంటి పనీ అయ్యాక జాలరుల పేటలోని మిగతా ఆడవాళ్ళలాగే ఆమె అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. దారమూ, నమూనా ఏజెంటు ఇచ్చేవాడు. సాయిదుర్గ చిన్నతనంలోనే క్రోషే సూది పట్టింది. ఒకసారి బల్ల మీద పరిచే గుడ్డ అల్లుతూ, నడిమి పువ్వులో తన సొంత ఆలోచనతో ఒక చిన్న చేపను అల్లింది. తోకా, మొప్పా, కన్నూ అన్నీ సరిగ్గా కుదిరాయి. ఏజెంటు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, “ఆర్డరులో చేప ఉందా? విప్పెయ్,” అన్నాడు. లేసు అల్లడం ఎంత నిదానమో విప్పడం అంత సులువు. కొస దొరికితే చాలు, దారం లాగినకొద్దీ కుట్టు మీద కుట్టు జారిపోతుంది. తల్లి ఆ పని పిల్ల చేతనే చేయించింది.

“ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఏడిస్తే అక్కడితో పోయేది. లోపల పెట్టుకుంది,” అంటుంది మరిడమ్మ.

కేకుల పని కరోనా ఏడాది మొదలైంది. బేకరీలు మూసి ఉన్న రోజుల్లో కూతురి పుట్టినరోజు వచ్చింది. సాయిదుర్గ కుక్కరు అడుగున ఇసుక పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, లోపల గిన్నె దించి కేకు చేసింది. పైన పిల్లి ముఖం పెట్టింది. పెట్టిన కాసేపటికే ఒక చెవి పక్కకు జారింది. సరిచేయబోతుంటే కూతురు చెయ్యి పట్టుకుంది. “ఉంచమ్మా! మన మెట్ల కింద పిల్లికి చెవి ఇలాగే ఉంటుంది. ఇది అదే!” ఆ పిల్ల ఆనందానికి కారణం కేకు రుచి కాదనీ, బొమ్మ అందం అంతకన్నా కాదనీ సాయిదుర్గ గమనించింది. తనకు తెలిసిన పిల్లిని అమ్మ కూడా గుర్తించిందని ఆ పిల్ల అనుకుంది.

తర్వాత ఓవెన్ వచ్చింది, పేట దాటి ఆర్డర్లు వచ్చాయి, టీవీ బొమ్మలూ ఫోను బొమ్మలూ వచ్చాయి. కాని ఆమె ఒక్క నియమం సడలించలేదు. పుట్టినరోజు ఎవరిదో ఆ పిల్ల, లేదా పిల్లవాడు, స్వయంగా వచ్చి బొమ్మ ఎలా ఉండాలో చెప్పాలి. “ఏదో ఒకటి పెట్టెయ్యమ్మా, వాడికేం తెలుసు” అనే పెద్దవాళ్ళను ఆమె గుమ్మంలోంచే పంపేసేది. వాళ్ళకు అది తలపొగరనిపించేది. ఆ మాట ఆమె దాకా వచ్చేది. ఆమె పట్టించుకునేది కాదు.

గణేష్‌బాబును వాళ్ళమ్మ దేవిశ్రీ తీసుకువచ్చింది. నరసాపురానికి పడమట, రొయ్యల చెరువుల నడుమ ఉన్న ఊరు వాళ్ళది. భర్త పెద్దిరాజుకు చెరువులూ ఉన్నాయి, ఊళ్ళో మాటా ఉంది. పిల్లవాడికి ఆరేళ్ళు నిండబోతున్నాయి. సాయిదుర్గ వాడి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

“చెప్పు నాన్నా, ఏం బొమ్మ?”

“పీత.”

“ఏ పీత? చెరువుదా, సముద్రానిదా?”

“మా చెరువుది. గొడుగు పీత.”

“గొడుగెందుకు దానికి?”

“తడిస్తే చిరాకు.”

“నీళ్ళలో ఉండే పీతకి తడిస్తే చిరాకా?”

“అది నీళ్ళలో ఉండదాంటీ. గట్టు మీద ఉంటుంది. డ్యూటీ. రొయ్యలకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూస్తుంది. కరెంటు పోతే ఈలేస్తుంది.”

“పెదాలు లేవుగా, ఈలెలా వేస్తుంది?”

వాడు కొంచెం ఆలోచించాడు. “ఈల మెడలో ఉంటుంది. పోలీసులకుంటుందే, అది.”

“పీతకి మెడ ఎక్కడుంది?”

“అబ్బా! ఆంటీ, మీకసలు పీతలు తెలీవా?”

దేవిశ్రీ నాలిక్కరుచుకుంది. సాయిదుర్గ మాత్రం పెద్దగా నవ్వింది. నాలుగు తరాలుగా వలలు దులిపిన ఇంట్లో పుట్టిన మనిషిని ఆ మాట అడిగినవాడు అంతవరకూ ఎవరూ లేరు.

వాడి వర్ణన పొల్లుపోకుండా సాగింది. గొడుగు నల్లది, వాళ్ళ తాతదానిలాగా. అది ఎడమ డెక్కలో, పీత పట్టుకునే ముందుకాలిలో, ఉండాలి. కుడి డెక్క ఖాళీగా, పైకెత్తి ఉండాలి. ఎందుకంటే, “సెల్యూట్ కొట్టాలి కదా!”

పంచదార ముద్దతో కాళ్ళూ డెక్కలూ ఆమె ముందే చేసుకుంది. పంచదార గాలిలోని తేమను లాక్కుంటుంది; ఆ ఊరి గాలిలో తేమకు కొరత లేదు; ఆరబెట్టని కాలు బల్ల మీద పెట్టిన కాసేపటికే వాలిపోతుంది. అందుకని వేయించిన బియ్యాన్ని గుడ్డలో మూటకట్టి డబ్బాలో వేసి, దాని పక్కన ఆ కాళ్ళను పేర్చి మూత పెట్టింది. ఉప్పు చెమర్చకుండా ఇళ్ళల్లో చేసే ఉపాయమే అది. గొడుగును బోర్లించిన గరిటె మీద పరిచి, ఆ వంపులోనే గట్టిపడనిచ్చింది. పుట్టినరోజు ఉదయం పీత ఒంటి కోసం రెండు గుండ్రటి కేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఇటుక రంగు క్రీము పూసి, కాళ్ళు గుచ్చి, ఈల వేలాడదీసి, కుడి డెక్క పైకెత్తి నిలబెట్టింది. ఫొటో తీసి దేవిశ్రీకి పంపింది.

ఫోను పెద్దిరాజు చేతిలో పడింది.

ఇక్కడ పెద్దిరాజు సంగతి కొంత చెప్పాలి. కొంతకాలంగా ఆయన మనసు పార్టీ మండల అధ్యక్ష పదవి మీద ఉంది. అదే పార్టీలో అదే పదవి కోసం రాజేంద్ర అనే ఆయన వర్గం కూడా కాచుకుని ఉంది. పీతల బుట్టకు మూత అక్కర్లేదని ఆ ప్రాంతంలో ఒక సామెత: ఒకటి పైకి ఎక్కబోతే మిగతావి కాళ్ళు పట్టి కిందికి లాగుతాయి. తమవాణ్ణి పెద్దిరాజు లాగేస్తున్నాడని చెప్పదలచుకున్నప్పుడు రాజేంద్ర వర్గంవాళ్ళు ఆయన పేరెత్తేవారు కాదు. వాట్సాప్ స్టేటస్‌లో ఒక పీత బొమ్మ పెట్టి ఊరుకునేవారు. తగలవలసిన చోట అది తగులుతూనే ఉంది. ఈ సంగతులేవీ సాయిదుర్గకు తెలియవు. గణేష్‌బాబుకు అసలే తెలియవు.

“ఏమ్మా, ఇది నీ చేత ఎవరు చేయించారు?” పెద్దిరాజు పలకరింపు లేకుండానే మొదలుపెట్టాడు.

“దేవిశ్రీ గారు బాబుని తీసుకొచ్చారండి. బాబే చెప్పాడు.”

“వాడికెవరు ఎక్కించారు? రాజేంద్ర మనుషులు మీ పేటకొస్తూ పోతూ ఉంటారని నాకు తెలుసు. సాయంత్రం ఉదయభాస్కర్ గారొస్తున్నారు. జిల్లా పార్టీకి పెద్ద. ఆయన ముందు బల్ల మీద పీతని పెట్టమంటావా నన్ను?”

“రాజేంద్ర గారెవరో నాకు తెలీదండి. ఇది బాబు ఊహించుకున్న బొమ్మ.”

“ఆరేళ్ళ వెధవకి ఊహేంటి! మీ పేట బుద్ధి మీది. చేపో పీతో తప్ప ఇంకోటి తోచదు. సరే, అయిందేదో అయింది. సార్ ఫొటో పంపిస్తాను. ఆ పీతని పీకేసి, ఫొటో ప్రింటు షీటు వేయించి అంటించు. చుట్టూ మా పార్టీ రంగులెయ్యి.”

‘పీకేసి’ అన్న మాట దగ్గర సాయిదుర్గ చేతిలో చాకు ఆగింది. పేట బుద్ధి అన్న మాట ఆమెకు కొత్త కాదు. దాన్ని చాలాసార్లు విన్నది, విని మింగింది, ఆ రోజూ మింగగలిగేది; ‘పీకేసి’ని మాత్రం మింగలేకపోయింది.

“ఆ పని చెయ్యనండి,” అంది.

“ఏంటీ?”

“చెయ్యనండి. మా పేట బుద్ధన్నారు కదండీ. మా పేటలో పిల్లాడికిస్తానన్నది పిల్లాడికే ఇస్తారు.”

“అయితే నీ పీతని నువ్వే తిను. మాకు బేకరీలు లేవనుకున్నావా?”

ఫోనులో ఆ చివరి అరుపు లోకనాథ్‌కు కూడా వినిపించింది. అతను గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

“వదిలెయ్యవే. ఆయన చెరువుల్లో రొయ్యలు పట్టినప్పుడు ఐసు మన ఆటోలోనే వెళ్తుంది.”

“తెలుసు.”

“తెలిసే అన్నావా అంత మాట?”

“తెలిసే అన్నాను బావా. తెలీకపోతే ఇంకా అనేదాన్ని.”

ఆమె గిన్నెలు తోమింది. తోమినవాటినే మళ్ళీ తోమింది. బల్ల మీద పీత గోడవైపు తిరిగి సెల్యూట్ కొడుతూ నిలబడి ఉంది. దాన్ని ఏం చేయాలో ఆమెకు తోచలేదు. పక్కింటి పిల్లలకు పంచిపెట్టడం ఒక దారి. కాని వాళ్ళకు అది ఒక పీత మాత్రమే. డ్యూటీలో ఉందని ఎవరికి తెలుసు?

మధ్యాహ్నం దేవిశ్రీ నంబరు నుంచి మళ్ళీ ఫోను మోగింది. సాయిదుర్గ మాట సిద్ధం చేసుకునే ఎత్తింది. అవతల గొంతు చాలా చిన్నది, ఏ మంచం కిందనుంచో మాట్లాడుతున్నట్టు ఉంది.

“ఆంటీ, పీత చచ్చిపోయిందా?”

“ఎవరన్నారు నాన్నా?”

“డాడీ. ఎండకి చచ్చిపోయిందంట. గొడుగుంది కదా అన్నాను. గొడుగున్నా చచ్చిపోయిందంట.”

 ఆ రోజు పొద్దుటి నుంచీ సాయిదుర్గకు వచ్చిన కోపమంతా కోపమే కాదనిపించింది. దాన్ని మాటల్లో పెట్టి, అండి చేర్చి, అవతలి చెవిలో వేయగలిగింది. ఇప్పుడు వచ్చినదానికి మాటలు లేవు.

“చావలేదు,” అంది చివరికి. “బయల్దేరుతోంది.”

లోకనాథ్ సంగతి విని లేచి నిలబడ్డాడు. “పుట్టినరోజునాడు పిల్లాడికి చావు కబురు చెబుతాడా!” అని, ఇంకేమీ అనకుండా ఆటో తాళాలు తీసుకున్నాడు.

వాడని కొత్త థర్మకోల్ పెట్టెలో అడుగున ఐసు పలక, దాని మీద నీళ్ళు తగలకుండా చెక్క, చెక్క మీద పీత. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని సాయిదుర్గ ట్రాలీలో వెనక కూర్చుంది. చెరువుల మధ్య రోడ్డు గతుకులమయం. లోకనాథ్ ఆటోను నడుస్తున్న మనిషికన్నా మెల్లగా పోనిచ్చాడు.

“పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినప్పుడు కూడా ఇంత మెల్లగా తోలలేదే,” అన్నాడు వెనక్కి తిరిగి.

“ముందు చూడు.”

ఊరి మొదట్లోనే ఫ్లెక్సీ కనిపించింది. అందులో ఉదయభాస్కర్ గారు నిలువెత్తున నవ్వుతూ ఉన్నారు. ఆయన భుజం పక్కన, ఛాతీ దాకా, పెద్దిరాజు. కింద మూలలో, ప్రింటు చేసిన షాపు ఫోను నంబరు పక్కన, గణేష్‌బాబు ముఖం అరచేతంత ఉంది. జన్మదిన శుభాకాంక్షలు ఎవరికో తెలియాలంటే ఆటో దిగి దగ్గరికి వెళ్ళి చదవాలి. సాయిదుర్గ దిగలేదు. చూసినది చాలు.

పెట్టెను దేవిశ్రీ చేతికిచ్చి వచ్చేద్దామన్నదే ఆమె ఉద్దేశం. కాని పందిరి నిండా జనం. దేవిశ్రీ వేదిక మీద ఉంది. సాయిదుర్గ పెట్టెతో పందిరి గుంజ పక్కన నిలబడవలసివచ్చింది. వేదిక మీద గణేష్‌బాబు బిగుతైన షేర్వాణీలో మెడ కదపలేక ఉన్నాడు. వాడి ఎదురుగా బల్ల మీద, బేకరీ నుంచి తెప్పించిన కేకు: పలకలాగా పెద్దది, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉదయభాస్కర్ గారి ముఖం. అలాంటి ఫొటోను పిండిపదార్థంతో చేసిన పలచటి కాగితం మీద, తినదగిన రంగులతో ముద్రిస్తారు. కింద క్రీము చెమరిస్తే కాగితం నానుతుంది, రంగు కదులుతుంది. ఆయన మీసం అప్పటికే పైపెదవి దాటింది.

ఉదయభాస్కర్ గారు వచ్చారు. శాలువా అయింది, గజమాల అయింది. కత్తిని పిల్లవాడి చేతిలో పెట్టి, ఆ చేతిని ఆయన పట్టుకున్నారు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

“కొయ్యి బాబూ, కొయ్యి!”

“ఆగండి, ఆగండాగండి!” ముందు వరుసలో వీడియో తీస్తున్న కుర్రవాడు వేదికెక్కి పెద్దిరాజు చెవిలో చెప్పాడు. అయితే మైకు దగ్గరలోనే ఉంది. “కత్తి సార్ గొంతు మీదుందన్నా! ఇది రాజేంద్ర వాళ్ళ చేతిలో పడితే?”

పందిరంతా విన్నది. కత్తిని పైకి జరిపారు. “నుదురొద్దు, నుదురొద్దు,” అన్నాడు ఒకాయన. చెవి దగ్గర పెట్టారు. “చెవి కోస్తారేంటయ్యా!” అన్నాడు ఇంకొకాయన. ఎవరో ఉపాయం తోచి కేకును అట్టతో సహా అటు తిప్పారు. అప్పుడు జనానికి ఉదయభాస్కర్ గారు తలకిందులుగా కనిపించారు. వెనక వరుసల్లో దగ్గులు మొదలయ్యాయి. ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉంది, కాని అది ఇప్పుడు ఫ్లెక్సీలోని నవ్వులాగా కదలకుండా ఉంది.

పెద్దిరాజు దిక్కులు చూశాడు. గుంజ పక్కన సాయిదుర్గ, ఆమె చేతుల్లో పెట్టె కనిపించాయి. పరుగులాంటి నడకతో వచ్చాడు. పొద్దుటి గొంతు లేదు.

“తెచ్చావా తల్లీ! మంచి పని చేశావు. లోపలున్నది కేకే కదా? ఆ కాళ్ళూ అవీ తీసేసి ఇటు తే. గుండ్రంగా ఉంటే చాలు.”

“తియ్యనండి.”

“ఒక్క నిమిషం పనమ్మా. నేను తీసేస్తాను, ఇటివ్వు.”

ఆయన పెట్టె మూత మీద చెయ్యి వేశాడు. సాయిదుర్గ ఆ చెయ్యి కేసి చూసింది. తర్వాత మాట్లాడింది. ‘అండి’ని వదలలేదు. గొంతు మాత్రం మైకు అక్కర్లేనంతగా లేచింది.

“చచ్చిపోయిందని బాబుకి చెప్పారంట కదండీ. చచ్చినదాన్ని సార్ చేత కోయిస్తారా?”

“ఏంటా అరుపు! ఎవరి ఇంటికొచ్చి...”

“పుట్టినరోజు ఇంటికొచ్చానండి. పుట్టినరోజు ఎవరిదో చెప్పండి. ఫ్లెక్సీ చూస్తే సార్‌ది. కేకు చూస్తే సార్‌ది. దండ సార్‌కి, శాలువా సార్‌కి. పిల్లాడికి మీరుంచిందేంటండీ? కత్తా?”

దగ్గులు ఆగిపోయాయి. వేదిక మీద గణేష్‌బాబు రెండు చేతులతో కత్తి పట్టుకుని, పెట్టెవైపే చూస్తున్నాడు.

“దీనికున్న కాళ్ళు మీ రాజకీయాల కాళ్ళు కావండి. వాడు మీ చెరువు గట్టు మీద కాపలా పెట్టుకున్న పీత. మీ కరెంటు పోతే ఈలేసే పీత. మీకోసం డ్యూటీ చేస్తోందండి అది. మీరేమో చంపేశారు.”

పెద్దిరాజు చెయ్యి మూత మీదనుంచి జారింది. ఉదయభాస్కర్ గారు గడియారం చూసుకుని, ఇంకొక కార్యక్రమం ఉందని పక్కవాళ్ళతో అన్నారు. పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి, దిగి, కారెక్కారు. ఆయన వెంట పెద్దిరాజు, పెద్దిరాజు వెంట ముందు వరుస, కారు తలుపు దాకా వెళ్ళారు. బల్ల మీద ఆయన ముఖం ఎవరూ కోయకుండానే ఉండిపోయింది.

దేవిశ్రీ వేదిక దిగి వచ్చి పెట్టెకు రెండో వైపు పట్టుకుంది.

“పెరట్లోకి పదండి సాయిదుర్గ గారూ,” అంది.

పెరట్లో చేతిపంపు పక్కన బట్టలుతికే రాయి మీద పెట్టె దించారు. వెనకే పిల్లలొచ్చారు: చుట్టాల పిల్లలు, వంటవాళ్ళ పిల్లలు, ఎవరి పిల్లలో తెలియని ఇద్దరు. మూత తీయగానే గణేష్‌బాబు చాలాసేపు వంగి చూశాడు. ఈల చూశాడు. గొడుగు చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి, కత్తి ఎడమ చేతిలోకి మార్చుకుని, సెల్యూట్‌కు సెల్యూట్ కొట్టాడు.

“చావలేదు,” అని అందరికీ చెప్పాడు.

వాడు దాన్ని కోయనివ్వడేమోనని సాయిదుర్గ భయపడింది. కొందరు పిల్లలు బొమ్మ మీద కత్తి పడితే గుక్కపట్టి ఏడుస్తారు. వీడు అలా చేయలేదు. “డ్యూటీ అయిపోయింది. కాళ్ళెవరికి?” అన్నాడు. అరిచినవాళ్ళకు అరిచిన వరసలో కాళ్ళు విరిచి ఇచ్చాడు. గొడుగు తను తిన్నాడు, పెదాలు నల్లబడేదాకా. ఒంటిని పద్ధతిగా కోసి పంచాడు. చివరికి పైకెత్తిన కుడి డెక్క ఒక్కటి మిగిలింది.

“ఇది డాడీకి ఉంచాలి,” అన్నాడు.

దేవిశ్రీ ముఖం తిప్పుకుంది. సాయిదుర్గ ఆ డెక్కను ఒక ఆకులో పెట్టి వాడి చేతికిచ్చింది. చేయవలసింది అంతే గనక చేసింది. కాని ఆ క్షణంలో ఆమెకు వచ్చిన కోపం పందిట్లో వచ్చినదానికన్నా పెద్దది. వాడి నాన్న వాడికి అంత చేసినా, వాడు ఆయన కోసం డెక్క దాచిపెడుతున్నాడు. ఆ డెక్కను పెద్దిరాజు తిన్నాడో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత పెద్దిరాజు చెరువులకు ఐసు వేరే ఆటోలో వెళ్ళడం మొదలైంది. సాయిదుర్గను రాజేంద్ర వర్గమే పంపిందన్న మాట ఆ ఊళ్ళలో పాకింది. అటునుంచి వచ్చే పుట్టినరోజుల ఆర్డర్లు తగ్గిపోయాయి. లోకనాథ్ ఒక్కసారి కూడా, నేను చెప్పానా అనలేదు. అనవలసి వచ్చినప్పుడల్లా బయటికి వెళ్ళి ఆటో తుడిచేవాడు.

అప్పుడొక రోజున తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. గొంతు నిండా నవ్వు.

“అమ్మా, నేను రాజేంద్రనండి. మొన్న పెద్దిరాజుకి పందిట్లో భలే గడ్డి పెట్టారంట! మండలమంతా అదే మాట. మా మీటింగుకో కేకు కావాలి. పీత కేకు. పెద్దది చెయ్యండి. గొడుగు తప్పకుండా ఉండాలి.”

“పుట్టినరోజెవరిదండీ?”

“పుట్టినరోజేం కాదమ్మా, ఊరికే, సరదాకి. కోసి ఫొటో పెడతాం. మీ పేరు కూడా వేస్తాం.”

“పిల్లలెవరండీ?”

“పిల్లలెవరూ లేరమ్మా, అందరం పార్టీవాళ్ళమే.”

“అయితే ఆ పీత గణేష్‌బాబు అనే అబ్బాయిదండి. వాడినడిగిరండి. వాడు సరేనంటే వాణ్ణే తీసుకురండి. ఎలా ఉండాలో వాడు చెప్తాడు, నేను చేస్తాను. మీరు చెబితే చెయ్యను.”

అవతల నవ్వు కొంచెంసేపు సాగింది. అది పరిహాసం కాదని తెలిశాక ఆగింది. “ఏంటమ్మా, మీకోసం మేము నిలబడదామనుకుంటే...” అని ఆయన మొదలుపెట్టాడు. సాయిదుర్గ ఫోను కట్ చేసి బల్ల మీద బోర్లా పెట్టింది. చప్పుడుకు లోకనాథ్ వీధిలోంచి తొంగిచూశాడు.

“ఎవరే ఫోను?”

“పెద్దాళ్ళు,” అంది సాయిదుర్గ, తిట్టు తిట్టినట్టు.